తోట పక్క నుంచి ఎక్కినవాళ్లు

దెయ్యాల కబురు ఏదైనా మా టెక్కలి ఆఫీసుకు వస్తే, దాన్ని ముందుగా చెత్తబుట్టలో పడేసేది నేనే. పాతికేళ్లకు పైగా పత్రికలో పనిచేశాను. కంటితో చూడనిది రాయకూడదన్నది నా పట్టుదల. ఆ పట్టుదలతోనే ఒక తప్పు చేశాను. ఆ తప్పు చెప్పకుండా తర్వాత జరిగింది చెప్పలేను.

నౌపడ నుంచి టెక్కలి మీదుగా గుణుపురం వెళ్లే లైను ఒకప్పుడు చిన్న రైలుది. పర్లాకిమిడి రాజావారి కాలంలో వేసింది. దాన్ని పెద్ద లైనుగా మార్చిన కొన్నాళ్లకు, ఆ దారిలోని స్టేషన్ల చరిత్ర వరసగా రాశాను. చివరగా ఒక చిన్న హాల్టు మిగిలింది. ఆ ఊరి పేరు రాయను.

మూడు ఉదయాలు ఆ ప్లాట్‌ఫాం మీద కూర్చున్నాను. టికెట్ గదికి తాళం ఉంది. రైలు వచ్చింది, ఆగింది, వెళ్లింది. మూడు రోజులూ ఒక్కరు కూడా ఎక్కలేదు. ‘ప్రయాణికులు లేని హాల్టు’ అని రాశాను. ఫొటో కూడా పడింది.

కొన్ని నెలలకు హాల్టు ఎత్తేశారు. కారణాలు చాలా ఉండొచ్చు. నా వార్త వల్లే అని ఎవరూ అనలేదు, ఒక్క కూర్మయ్య తప్ప.

కూర్మయ్య ఉద్దానంలో కొబ్బరి తోటల్లో పనిచేసినవాడు. కిడ్నీలు పాడయ్యాక భార్యతో ఆ హాల్టున్న అత్తవారి ఊరు చేరాడు. ఉదయం గడప దాటి రైలెక్కితే డయాలసిస్‌ వేళకి టెక్కలి ఆసుపత్రికి చేరొచ్చు. ఆ రైలు కోసమే ఊరు మారాడు. ఒకరోజు తలకి తువ్వాలు చుట్టుకుని వచ్చి, టెక్కలిలో టీ కొట్టు దగ్గర నన్ను పట్టుకున్నాడు.

“బాబూ, రైలాగినప్పుడు నువ్వు ఏ పక్క కూకున్నావు?”

ప్లాట్‌ఫాం మీద అన్నాను.

“అదేటి బాబూ! మేం జీడితోట పక్క నుంచి ఎక్కేవోళ్లం గదా. మజ్జిన రైలడ్డం. నీకెలా కనపడతాం?” అని నవ్వాడు. “పేపరోళ్లు లోకమంతా సూత్తారంట. రైలుకి అవతల మాత్రం సూడరేటి?”

వెళ్లి చూశాను. నిజమే. చిన్న రైలు రోజుల్లో అక్కడ ప్లాట్‌ఫాం లేదు. ఊరున్న వైపు నుంచే ఎక్కేవారు. పెద్ద లైను పడ్డాక ప్లాట్‌ఫాం అవతలి వైపు కట్టారు. దాని మీద నీడ లేదు. ఊరు మాత్రం అలవాటు మార్చుకోలేదు. జీడిచెట్ల కింద కూర్చుని, రైలు ఆగాక లేచి వచ్చేవారు. పెట్టె మెట్టు అందడానికి, పట్టాల కింద వేసే పాత చెక్క స్లీపర్లు రెండు పేర్చుకున్నారు. కూర్మయ్య కోసమేనట.

సవరణ రాస్తానని మాట ఇచ్చాను. రాయలేదు. నా వార్త తప్పని నేనే రాసుకోవడానికి నామోషీ అనిపించింది. ఆయన రెండుసార్లు కనిపించి “పడిందా బాబూ?” అని అడిగాడు. మూడోసారి నేనే సందు మార్చాను.

ఆటో దొరికిన రోజు ఆసుపత్రికి వెళ్లేవాడు, దొరకని రోజు మానేసేవాడు. ఆ వానాకాలం దాటలేదు. ఈ సంగతి ఆయన భార్య చెప్పింది. నన్ను ఒక్క మాట అనలేదు.

నిరుడు గుణుపురం వైపు పనిమీద వెళ్లి ఉదయం రైల్లో వస్తున్నాను. ఎండ బాగా ఉంది. పెట్టె నిండా జనం. నాకు కిటికీ పక్క చోటు దొరికింది.

పాత హాల్టు దగ్గర రైలు ఆగింది. అక్కడ సిగ్నల్ లేదు. నా కిటికీలోంచి ఖాళీ ప్లాట్‌ఫాం, తాళం వేసిన గది కనిపిస్తున్నాయి. నా ఎదురుగా వంకాయల బుట్టతో ఒకామె ఉంది. ఎవరో నాకు తెలీదు. తలుపు వైపు చూసి బుట్ట ఒళ్లోకి లాక్కుని పక్కకి జరిగింది.

“రా మావా, కూసో.”

నిమిషం తర్వాత ఆ ఖాళీ జాగా చూసి, నన్ను చూసింది.

“ఇప్పుడు తోట పక్క నుంచి ఎవులో ఎక్కినారు గదా బాబూ? తలకి తువ్వాలు సుట్టుకుని?”

“లేదమ్మా, ఎవరూ ఎక్కలేదు” అన్నాను.

రైలు కదిలింది. నిలబడ్డవాళ్లు చాలామంది ఉన్నా టెక్కలి దాకా ఆ జాగాలో ఎవరూ కూర్చోలేదు. టెక్కలిలో ఆమె లేవబోయి, ఎవరికో దారిచ్చినట్టు మోకాళ్లు పక్కకి తిప్పింది.

దిగి గార్డుని అడిగాను. తోటలోంచి మనుషులు పట్టాల వైపు వస్తుంటే డ్రైవరు బ్రేకు వేశాడట. ఆగేసరికి ఎవరూ లేరట. పశువులు కాసేవాళ్లు కావచ్చు అన్నాడు. కావచ్చు.

మర్నాడు అక్కడికి వెళ్లాను. స్లీపర్లు ఎప్పుడో తీసేశారు. కంకర తప్ప ఏమీ లేదు.

ఆ ఉదయం ఏం జరిగిందో నాకు ఈనాటికీ తెలీదు. ఆమె పొరబడి ఉండొచ్చు. నన్ను వదలనిది వేరే సంగతి. ఆ రోజు కూడా నేను ప్లాట్‌ఫాం పక్కనే కూర్చున్నాను. తల తిప్పి అవతలికి చూడకుండానే, ఎవరూ ఎక్కలేదని చెప్పాను.