మైల ఇంటికి తెచ్చిన తెల్ల ఉండలు

మా అత్తయ్య పోయింది. నవంబరు నెలాఖరున ఒకరోజు పొద్దున్నే, గల్ఫ్ ఎడారిలోని రువైస్‌లో, మామయ్యకి టీ ఇచ్చి, తల తిరుగుతోందని మంచం మీద వాలిందట. మళ్ళీ లేవలేదు. నేను ఆఫీసులో ఉండగా అమ్మ ఫోన్ చేసి, "అత్తయ్య మనకిక లేదే" అని ఒక్క ముక్క చెప్పి ఏడ్చేసింది. నాకు ఏడుపు రాలేదు. సిగ్గేసింది. ఎందుకో చెప్పడానికే ఇది రాస్తున్నాను. మంచిమనిషి అని నాలుగు మాటలు రాసి చేతులు దులుపుకునే హక్కు నాకు లేదు.

అత్తయ్యది చైనా, దక్షిణాన సముద్రం ఒడ్డు ఊరు. రిఫైనరీ పనికొచ్చిన ఒక కాంట్రాక్టు కంపెనీలో దుబాసీగా రువైస్ వచ్చి, అక్కడే ఇంజనీరుగా ఉన్న మా మామయ్యని, అంటే అమ్మ అన్నయ్యని, పెళ్ళాడింది. వాళ్ళకి పిల్లల్లేరు. తెలుగు మామయ్య దగ్గరే నేర్చుకుంది. ఆయనదేమో కాకినాడ. ప్రతి మాట చివరా 'అండి' ఉండి తీరాలనుకుంది కాబోలు, ఎవర్నీ వదిలేది కాదు. నాకూ అండే, కూరగాయలమ్మే మలబారీకీ అండే, వాళ్ళ గుమ్మంలో పడుకునే పిల్లికీ అండే. "లేవండి, కాళ్ళ కింద పడతారండి" అని ఆ పిల్లిని బతిమాలుతుంటే మేం పడీపడీ నవ్వేవాళ్ళం.

డిసెంబరులో, ఏడాది మొత్తంలో పగలు బాగా పొట్టిగా ఉండే రోజున, వాళ్ళకి పెద్ద పండగ. తోంగ్‌జి అంటారు. ఇంటిల్లిపాదీ ఒకచోట చేరాలి. 2009లో, నాకు పదకొండేళ్ళు నిండిన రోజున, మొదటిసారి వెళ్ళాం. నా పుట్టినరోజూ ఆ రోజే పడేది. మేముండే కరామా నుంచి కారులో మూడున్నర గంటలు, చూద్దామంటే కిటికీలో ఇసక తప్ప ఏమీ లేదు. నేను దారి పొడుగునా సణుగుతూనే ఉన్నాను.

వెళ్ళగానే మా ముగ్గుర్నీ బల్ల చుట్టూ కూర్చోబెట్టి ముందు పిండిముద్ద పెట్టింది. జిగురు బియ్యప్పిండి. సగం తెల్లగా, సగం ఎర్రరంగు కలిపి. లోపల నల్లనువ్వుల పొడి, పంచదార పెట్టి ఉండలు చుట్టాలి. అల్లం దంచి వేసిన బెల్లం పాకంలో ఉడికించాలి. అమ్మ అనుమానంగా ఒకటి కొరికి, "ఓర్నాయనో, ఇది మన చిమ్మిలే వదినా!" అంది. ఆ మాటకి అత్తయ్య మొహం ఎంత వెలిగిపోయిందో! నాన్న చుట్టినవి వంకరటింకరగా ఉంటే మాత్రం ఊరుకోలేదు. "గుండ్రంగా చుట్టండి అన్నయ్యగారండి. సొట్టలు పడితే ఇంట్లోవాళ్ళు తలోదారీ అయిపోతారండి" అని మళ్ళీ చుట్టించింది. నా గిన్నె నాకిచ్చి, "కేకు తింటే వయసు రాదండి. ఇది తింటేనే ఒక ఏడు పెద్దవుతారండి" అంది. మరుసటేడు కూడా అదే మాట.

2011 నవంబరులో మా స్కూలు వార్షికోత్సవానికి అత్తయ్య వచ్చింది. నా డాన్సుకి లేచి నిలబడి మరీ చప్పట్లు కొట్టింది. మర్నాడు క్లాసులో నా స్నేహితురాళ్ళు వేళ్ళతో కళ్ళు సాగదీసుకుని, "బాగా చేశారండి" అని వెక్కిరించారు. నేనేం చేశాననుకున్నారు? వాళ్ళతో కలిసి నవ్వాను. నవ్వి ఊరుకోలేదు, నేనూ ఒకసారి కళ్ళు సాగదీసి చూపించాను.

ఆ డిసెంబరులో నాకు పదమూడు. ఇంట్లో స్నేహితుల్ని పిలిచి పార్టీ చేసుకుంటానని పట్టుబట్టాను. "సరేలే, మామయ్యావాళ్ళనే ఇక్కడికి రమ్మందాం. అత్తయ్య తన పండగ మనింట్లోనే చేస్తుంది" అంది అమ్మ. ఫోన్ నేనే చేస్తానన్నాను. చేశాను.

"అత్తా, నాన్న దాయాది ఒకాయన పోయారు. మాకు మైల. ఈ ఏడు పండగల్లేవు. అమ్మావాళ్ళు మాట్లాడే స్థితిలో లేరు, మామయ్యని ఇప్పుడు ఫోన్ చెయ్యొద్దనండి."

దాయాదులైతే మైల మా ఇంటిపేరు వాళ్ళకే, మామయ్యకి అంటదు. అంత లెక్క వేసుకుని ఆడిన అబద్ధం అది. "అయ్యో, అయ్యోనండి" అంది అత్తయ్య అటునుంచి. మామయ్యకి ప్లాంటులో షట్‌డౌన్ డ్యూటీ అట, రాలేరట అని అమ్మకి ఇంకో అబద్ధం చెప్పేశాను.

పుట్టినరోజు సాయంత్రం నాలుగింటికి ఇంటినిండా బుడగలు, పాటలు. "యల్లా, కేక్ కట్ చెయ్యవే" అని పిల్లలు అరుస్తున్నారు. అమ్మ వంటింట్లో సమోసాలు వేయిస్తోంది. బెల్లు మోగితే నేనే తలుపు తీశాను. గుమ్మంలో అత్తయ్య. బొట్టూ కాటుకా లేవు, చేతిలో స్టీలు క్యారియర్.

"అమ్మగారిని ఏడవద్దని చెప్పండి. మైల ఇంట్లో ఇవి చెయ్యకూడదండి, మా ఊళ్ళో అయితే చుట్టాలే చేసి తెస్తారండి. ఎర్రవి వెయ్యలేదండి, అన్నీ తెల్ల..."

అక్కడ ఆగిపోయింది. నా భుజం మీదుగా ఇంట్లోకి చూసింది. నా తలమీది అట్ట కిరీటం చూసింది. నేను తలుపు ఇంకాస్త దగ్గరికి లాక్కున్నాను. అవును, లాక్కున్నాను.

"మీ పుట్టినరోజు కదండీ," అంది మెల్లగా. "నేనే మర్చిపోయాను."

క్యారియర్ నా చేతిలో పెట్టి మెట్లు దిగి వెళ్ళిపోయింది. మామయ్య కింద పార్కింగ్ దొరక్క కారులోనే ఉన్నాడని తర్వాత తెలిసింది. ఎవరే అని అమ్మ కేకేస్తే వాచ్‌మన్ అన్నాను. ఆ తెల్ల ఉండల్ని క్యారియర్‌తో సహా వరండాలో ఉన్న చెత్తడబ్బాలో పడేసి వచ్చి కేకు కోశాను.

మరుసటేడు అత్తయ్య ఎప్పటిలాగే ఫోన్ చేసి, "పండక్కి రండి" అంది. వెళ్ళాం. ఆ తర్వాత ఏటా వెళ్ళాం. ఒక్క మాట ఎత్తలేదు, ఒక్క చూపు తేడా లేదు. తిట్టినా బాగుండేది. సింకు దగ్గర పక్కన నిలబడి గిన్నెలు తుడుస్తూ, ఇవాళ చెప్పేస్తాను, ఇవాళ చెప్పేస్తాను అనుకునేదాన్ని. గిన్నెలన్నీ అయిపోయేవి. వచ్చే ఏడు చూద్దాంలే అనుకునేదాన్ని. పోయిన డిసెంబరులో కూడా అనుకున్నాను.

ఈ డిసెంబరులో మైల మామయ్య ఇంటికి వచ్చింది. నిజం మైల. నేను జిగురుపిండి కొనుక్కొచ్చి, రెండుసార్లు చెడగొట్టి, మూడోసారి ఎలాగో ఉండలు చుట్టాను. అన్నీ తెల్లవే. బస్సులో రువైస్ వెళ్ళాను. మామయ్య గడ్డం పెరిగిపోయి ఉన్నాడు. గిన్నెలో పోసి ముందు పెడితే చెంచా అందుకున్నాడు.

"గుర్తుంచుకున్నావే తల్లీ. మీకు మైల వచ్చినప్పుడు మీ అత్తయ్య తెల్లారకుండా లేచి చేసింది. నేను కారాపుకునేలోపే కిందికి వచ్చేసింది. ఇంటినిండా జనం, అందరూ ఏడుస్తున్నారు, మీరు వెళ్ళకండి అంది. రువైస్ వచ్చేదాకా తనూ ఏడుస్తూనే ఉంది. ముక్కూమొహం తెలీని మనిషి కోసం ఇంత ఏడుపేంటే అని కోప్పడ్డాను కూడా. ఆ ఊసు మీ దగ్గర ఎత్తొద్దని ఒట్టు వేయించుకుంది." ఒక చెంచా నోట్లో పెట్టుకుని, "ఇంతకీ ఆయన మీ నాన్నకి ఏమవుతారమ్మా?" అన్నాడు.

"ఎవరూ పోలేదు మామయ్యా. నేను అబద్ధం చెప్పాను. ఇంట్లో నా పార్టీ. అత్తయ్య చూసింది."

మామయ్య చెంచా బల్లమీద పెట్టేశాడు. తిట్టలేదు. "అయితే ఆ ఏడుపు..." అని సగంలో ఆపేశాడు. గిన్నె పక్కకి నెట్టలేదు, తినలేదు. రెండు చేతులూ దాని చుట్టూ పెట్టుకుని, పాకం మీద ఆవిరి పోయేదాకా, నావైపు చూడకుండా అలాగే కూర్చున్నాడు.