మా చిన్ని చూసిన సముద్రం

సముద్రం చూపిస్తానని పిల్లని తీసుకెళ్ళి నేనేం చూపించుకొచ్చానో వింటే టీ మీద పోసుకుంటారు. ముందు ఆ కప్పులు కింద పెట్టండి!

రెండో క్లాసు మొత్తానికీ సముద్రం చూడనిది మా చిన్ని ఒక్కతేనట. రోజూ ఏడుపే. స్కూళ్ళు తెరిచేలోగా చూపించేస్తానని మాటిచ్చేశాను. మా ఆవిడ సుజాత వైజాగ్ అంది. నేను అంతర్వేది అన్నాను.

"వైజాగ్‌లో ఎవరున్నారే మనకి? రూములు వెతుక్కోవాలి, హోటల్ తిండి తినాలి. అంతర్వేది దారిలో అయితే మలికిపురంలో మీ బాబాయిగారున్నారు. ఓసారి పలకరించినట్టూ ఉంటుంది."

"పలకరిస్తే ఇంక సముద్రం చూసినట్టేనండి!" అంది. వింటానా? ఎస్టీడీ బూత్‌కెళ్ళి మరీ ఫోన్ కొట్టాను, అటుగా వస్తున్నామని.

ఆదివారం బస్సు మలికిపురంలో ఆగేసరికి చినమావయ్యగారు స్టాండులో రెడీ! దిగీ దిగకముందే మా బ్యాగు ఆయన చేతిలో ఉంది.

"ఒక్క పది నిమిషాలే మావయ్యగారూ..."

"అదేం మాటండీ అల్లుడుగారూ! మీరు భోంచెయ్యకుండా వెళ్తే మేం ఊళ్ళో తలెత్తుకోవద్దూ?"

గారెలు, కోడికూర, రొయ్యల వేపుడు, పనసపొట్టు కూర, ఆపైన మామిడిపళ్ళు. చాలంటే అత్తయ్యగారు వినరే! విస్తరికి చెయ్యి అడ్డం పెడితే చేతిమీదే వడ్డించేశారు. తర్వాత మంచం కనపడింది. నా తప్పేం లేదండి, కళ్ళు వాటంతటవే మూతపడ్డాయి.

లేచేసరికి పొద్దు వాలుతోంది. ఇప్పుడు అంతర్వేది వెళ్తే తిరుగు బస్సుండదు, తెల్లారితే నాకు ఆఫీసు. సుజాత నాతో మాట్లాడ్డం మానేసింది. పిల్లకేం చెప్పాలిరా దేవుడా అనుకుంటూ వెతికితే, మావయ్యగారి రొయ్యల చెరువు గట్టుమీద ఉంది. చెరువులో నీళ్ళకి గాలి పట్టించే కరెంటు చక్రాలు, అవేనండి ఏరేటర్లు, గిరగిరా తిరుగుతున్నాయి, నీళ్ళు తెగ ఎగిరిపడుతున్నాయి.

చిన్ని వేలు ముంచి నాకి, ఒకటే గెంతులు. "నాన్నా, ఉప్పగా ఉంది! అలలు కూడా వస్తున్నాయి! సముద్రం చూసేశా!"

ఆ మొహం చూశాక కాదనడానికి మనసొప్పలేదండి. సుజాత వైపు చూస్తే ఆవిడ మొహం తిప్పేసుకుంది. "అవునమ్మా, సముద్రమే" అనేశాను.

మొన్న స్కూళ్ళు తెరిచారు. సాయంత్రం పిల్ల కోసం వెళ్తే టీచరుగారు ఎదురొచ్చి, నవ్వు బిగబట్టుకుని అడిగారు: "సముద్రం చిన్ని వాళ్ళ తాతయ్యగారిదటగా అండీ? కరెంటు పోతే అలలు ఆగిపోతాయని క్లాసంతటికీ చెప్పిందండి!"

"జనరేటరు కొంటున్నారండి" అని, పిల్ల చెయ్యి పట్టుకుని వచ్చేశాను.