వెనక సీట్లో అమ్మను కూర్చోబెట్టిన బిడ్డ

మా చిన్నబిడ్డ పోయిందని ఫోన్ వచ్చినప్పుడు నేను మడికొండలో, వంట చేసే హాస్టల్లో ఉల్లిగడ్డలు కోస్తున్నాను. హైదరాబాద్ దవాఖానలో డెంగీ జ్వరంతో ఉంది. వాళ్ల నాన్న దగ్గరే ఉన్నాడు. తగ్గుతోందనే చెప్పారు, తగ్గలేదు. చేతిలో ఉల్లిగడ్డ ఉంది కాబట్టి నేను ఏడుస్తున్నానని పక్కనున్నవాళ్లకు వెంటనే తెలియలేదు.

పరామర్శకు వచ్చినవాళ్లంతా ఒకటే అడిగారు, "ఏ రోడ్డు మీద అయింది యాక్సిడెంటు?" అని. డ్రైవరు కదా, అదే అనుకున్నారు. అందుకే ఇది రాస్తున్నాను. బడికి ఎక్కువ పోలేదు నేను, తప్పులుంటే మీరే దిద్దుకొని చదవండి. నా బిడ్డను దోమ తీసుకపోయింది, బండి కాదు. ఆమె నడిపిన బండికి గీత కూడా పడలేదు.

ముందు స్కూలు వ్యాను నడిపేది. ఒకనాడు అన్నం తింటూ, "అమ్మా, బాడీగార్డుల బండి నడుపుడు నేర్చుకుంట" అన్నది. వాళ్ల నాన్న ముద్ద ఆపి నవ్వాడు.

"గోడ మీద బల్లిని చూస్తే ఉరుకుతవు. నువ్వెవల్ని కాపాడుతవే?"

"బల్లి కారెక్కది గద నాన్నా!"

తర్వాత నాకు విడమర్చి చెప్పింది. ప్రాణభయం ఉన్న మనుషులకు చుట్టూ కాపలావాళ్లు ఉంటారు. ఆ కాపలావాళ్లతో సహా అందరినీ క్షేమంగా ఇంటికి చేర్చేది డ్రైవరే. ఆడవాళ్లు ఆడ డ్రైవరే కావాలని అడుగుతున్నారట. నేర్పే చోట్లు రెండు చూసి పెట్టుకుంది. అయితే వ్యాను పని వదిలేసి పోవాలి. తప్పు చోట చేరితే ఆ పనీ రాదు, ఈ పనీ ఉండదు.

"నువ్వు నాతోని రా అమ్మా. వాళ్ల బండ్లల్ల వెనక కూసో."

"నాకేం తెలుస్తది బిడ్డా?"

"నీకు తెల్వకున్నా నీ కడుపుకు తెలుస్తది."

నాకు బండి పడదు. ములుగు రోడ్డు ఎక్కితే చాలు, కడుపులో తిప్పుతుంది. మేడారం జాతరకు ఎన్నిసార్లు పోయినా ఒక చేతిలో నిమ్మకాయ, ఒక చేతిలో కవరు. ఆ తల్లుల గద్దెల ముందుకు అప్పటిదాకా నేను ఎప్పుడూ ఖాళీ కడుపుతోనే చేరుకున్నాను.

మొదటి చోట అందరూ నల్ల కోట్లు, నల్ల కళ్లద్దాలు. నేర్పే పిల్లగాడు కోటు విప్పి వెనక సీట్లో నా పక్కన పెట్టి, మైదానంలో కారును గిర్రున తిప్పాడు. దుమ్ము లేచింది. చూసేవాళ్లు చప్పట్లు కొట్టారు. నాకు కవరు దొరకలేదు, కోటు దొరికింది. మా బిడ్డ "సారీ అన్నా, సారీ" అంటూనే కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వింది.

రెండో చోట ఒక ముసలి సారు. పెద్దవాళ్ల వెంట కాన్వాయి బండ్లు నడిపి రిటైరైనవాడు. కారు స్టార్ట్ చేయకముందే వెనక్కి తిరిగి, "అక్కా, పొద్దున ఏమన్న తిన్నవా? అద్దం జర దించమంటవా?" అని అడిగాడు. కాసేపటికి మా బిడ్డ నన్ను తట్టి లేపింది.

"ఇంక బయలెల్లలేదా?" అన్నాను.

"ఊరంత తిరిగొచ్చినం. నువ్వు గురక పెట్టినవ్!"

అయినా మా బిడ్డకు ఒక అనుమానం. "గిర్రున తిప్పుడు నేర్పరా సార్?"

"నేర్పుత. ఆఖరుకు నేర్పుత. కాపాడుడంటే ఉరుకుడు కాదు బిడ్డా. ఉరికే అవసరం రాకుంట చూసుకునుడు."

అక్కడే చేరింది. తర్వాత హైదరాబాద్‌లో ఒక మేడమ్ దగ్గర పని దొరికింది.

ఆ చదువు ఇంట్లోకి కూడా వచ్చింది. బండి ఆపినప్పుడు దాని ముక్కు ఎప్పుడూ దారి వైపే పెట్టాలట. మా బిడ్డ తన స్కూటీ అట్లాగే పెట్టేది, చివరికి గడప దగ్గర చెప్పులు కూడా వేళ్లు వీధి వైపు తిప్పి విడిచేది.

"ఎవలు తరుముతాండ్రే నిన్ను?" అని వాళ్ల నాన్న ఎగతాళి చేసేవాడు.

"తరుమకముందే తిప్పి పెట్టుకోవాలె నాన్నా" అనేది.

పోయిన జాతరకు నన్ను తనే తీసుకుపోయింది. ములుగులో ఆగి మిరపకాయ బజ్జీలు తిన్నాను. తను వద్దని ఒక్క మాట అనలేదు. అద్దంలో నన్ను చూస్తూ నడిపింది. నిమ్మకాయ సంచిలోనే ఉండిపోయింది. నిండు కడుపుతో అమ్మవార్లకు మొక్కడం నా బతుకులో అదొక్కసారే.

మొన్న పక్కింటామె వాళ్ల పిల్లను వెంటబెట్టుకొని వచ్చింది.

"వదినే, మా పిల్ల గూడ గదే నేర్చుకుంటనంటాంది. నీ బిడ్డను యాది చేస్కుంటే నాకు భయమైతాంది. వద్దని చెప్పు జర."

పిల్ల తల వంచుకొని కూర్చుంది. నేను ఒక్క మాట వద్దంటే వాళ్లమ్మకు చాలు, ఈ పిల్లకు ఇక దారి మూసినట్టే. నా బిడ్డ పేరు చెప్పి ఇంకొకరి బిడ్డను ఆపడం నాకు నచ్చలేదు.

"జ్వరమొచ్చి పోయింది వదినే నా బిడ్డ. నేర్చుకోనియ్యి" అన్నాను.

"ఆ ముసలి సారు నేర్పుడు బంద్ పెట్టిండట గద. మరి ఏడ మంచిదో ఎట్ల తెలుస్తది?"

"నేనొస్త. వెనక సీట్ల కూసుంట."

పిల్ల తలెత్తింది. మా బిడ్డ ఆ కోటు కథ వీధంతా చెప్పింది కదా. "కవరు తెచ్చుకుంటవా పెద్దమ్మా?" అన్నది.

"కవరెందుకే? ఆళ్లకు కోట్లుంటయి."

ముగ్గురం నవ్వాం. మా బిడ్డ పోయాక ఈ ఇంట్లో నవ్వు వినబడడం అదే మొదలు.

వచ్చే ఆదివారం పోతున్నాం. మా బిడ్డ చెప్పులు గడప దగ్గర ఇంకా తీయలేదు. వాటి పక్కనే నావి పెట్టాను, వేళ్లు వీధి వైపు తిప్పి.