డేగ మేలా... కాకి మేలా?

మా చిన్నప్పుడు... ఆదివారం పొద్దున్నే తాతయ్య "ఏవే, రండి రండి... మొదలైపోయింది!" అని కేకేస్తే నా గుండెల్లో రాయి పడేది.

మొదలైంది బాస్కెట్‌బాల్ అండి. అమెరికాలో రాత్రి ఆట, మనకి పొద్దున్న. పాలకొల్లు దగ్గర మా ఊరికి కేబుల్ వచ్చిన కొత్త. అక్కా నేనూ స్కూల్లో ఆడతామని తాతయ్య కూడా మాతోపాటు చూడటం మొదలుపెట్టారు. ఆయనకి రూల్సు ఒక్కటీ తెలియదు. కానీ వయసులో ఉన్నప్పుడు కోడిపందేలకి జోడీలు కట్టిన మనిషి. రెండు పుంజుల్ని పక్కపక్కన నిలబెట్టి, కాలూ మెడా చూపూ చూసి ఏది మేలో చెప్పేసేవారట. ఆ కంటితోనే టీవీ చూసేవారు.

ఆటగాళ్ళ పేర్లు మాకెవ్వరికీ నోరు తిరిగేవి కాదు. అందుకని చొక్కా రంగును బట్టి పుంజుల పేర్లే పెట్టుకున్నాం. ఎర్ర చొక్కా జట్టులో బాగా ఆడేవాడు డేగ, నల్ల చొక్కా జట్టులో వాడు కాకి, తెల్ల చొక్కా అయితే సేతువ... నానమ్మ వంటింట్లోంచి "కోళ్ళకీ మనుషులకీ తేడా లేకుండా పోయింది ఈయనకి!" అని సణుగుతూ ఉండేది.

ఇంతవరకూ సరదాయే. మధ్యలో ప్రకటనలు వచ్చేవి చూడండి... అప్పుడు టీవీ నోరు నొక్కేసి మా వైపు తిరిగేవారు.

"చెప్పండి. డేగ మేలా, కాకి మేలా?"

"ఇద్దరూ బాగానే ఆడుతున్నారు తాతయ్యా" అన్నానో, అయిపోయానన్నమాటే. "ఇద్దరూ బాగుంటే బరిలోకి దించడం ఎందుకే? ఒకడి పేరు చెప్పు. ఎందుకో కూడా చెప్పు." కొట్టేవారు కాదు, తిట్టేవారు కాదు. అలా కళ్ళలోకి చూస్తూ కూర్చునేవారంతే. అమ్మో, ఆ చూపు! నేను చాప అంచు పీకుతూ కూర్చునేదాన్ని. అక్క మాత్రం చకచకా చెప్పేసేది... "డేగే తాతయ్యా. కాకికి ఎగరడమే గానీ పక్కవాడికి బంతివ్వడం రాదు." "శభాష్!" అని దాని వీపు తట్టేవారు.

నాకు ఇంకో భయం కూడా ఉండేదండి, ఎవరికీ చెప్పలేదు. ఓడిన పుంజు ఏమవుతుందో మనవైపు వాళ్ళకి చెప్పక్కర్లేదు కదా... సాయంత్రానికి కూరైపోతుంది. తాతయ్య "కాకి పనైపోయింది" అన్నప్పుడల్లా పాపం ఆ నల్ల చొక్కాయన్ని ఏం చేస్తారోనని నాకు ఇడ్లీ గొంతు దిగేది కాదు. ఏమీ చెయ్యరని తెలుసు... అయినా భయమే. నవ్వకండి!

అలా ఉండగా రాజమండ్రిలో పోటీలు వచ్చాయి. మా స్కూలు జట్టులో ఒక్క ఖాళీయే మిగిలింది, దానికి అక్కా నేనూ ఇద్దరం. డ్రిల్లు మేడంగారు ఎటూ తేల్చుకోలేక, ఎవర్ని తీసుకెళ్ళినా ఇంట్లో గొడవవుతుందని తిన్నగా తాతయ్య దగ్గరికే వచ్చారు.

"మీ మనవరాళ్ళే కదండీ బాబాయిగారూ... ఇద్దరిలో ఎవరో మీరే చెప్పండి."

తాతయ్య కుర్చీలోంచి లేచారు. "ఇలా వచ్చి పక్కపక్కన నిలబడండే."

నిలబడ్డాం. నాకు వెళ్ళాలని ఎంత ఉందో చెప్పలేను. చదువులో ఎలాగూ అంతంతమాత్రం, నాకు చేతనైంది ఆ బంతి ఒక్కటే. పోనీ నా పేరే చెబితే? అక్క మళ్ళీ జన్మలో నాతో మాట్లాడదు. ఎటు చెప్పినా నా కొంప మునిగినట్టే. ఆయన మా కాళ్ళు చూశారు, భుజాలు చూశారు, తర్వాత కళ్ళలోకి చూశారు. నా దగ్గర కాస్త ఎక్కువసేపే ఆగారు. నేను తల దించేసుకున్నాను.

"పెద్దదాన్ని తీసుకెళ్ళండి మేడంగారండీ. ఆటలో ఇద్దరూ ఒకటే. కానీ చిన్నదానికి భయం. భయం ఉన్నది బరిలో నిలబడదు."

"పసిదాన్ని పట్టుకుని అవేం మాటలండీ!" అని నానమ్మ గుమ్మంలోంచి అరిచింది. అక్క నా చెయ్యి పట్టుకోబోయింది, నేను విదిలించుకుని పెరట్లోకి పోయాను.

అక్క వెళ్ళింది, ఆడింది, వచ్చింది. నేను మళ్ళీ బంతి ముట్టుకోలేదు. మరుసటేడు మేడంగారు పిలిచినా వెళ్ళలేదు. అదొక్కటే అయితే బాగుండేదండి. పాటల పోటీకి పేరివ్వాలన్నా, ఉద్యోగానికి ఇంటర్వ్యూ అన్నా తాతయ్య మాటే చెవిలో మోగేది... భయం ఉన్నది నిలబడదు. ఎన్నిసార్లు గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగొచ్చానో.

తాతయ్య పోయి చాలా ఏళ్ళయింది. ఈమధ్య అక్క కూతురి మొదటి మ్యాచ్‌కి ఇద్దరం కలిసి వెళ్ళాం. పిల్ల గజగజా వణికిపోతోంది. అక్క దాని వీపు నిమురుతూ, "నేనూ ఇంతేనే అమ్మలూ. రాజమండ్రిలో బస్సు దిగ్గానే దాని వెనక్కెళ్ళి వాంతి చేసుకున్నాను. ఆటంతా కాళ్ళు వణుకుతూనే ఉన్నాయి" అంది.

నేను బిత్తరపోయాను. "నీకు భయమా? మరి తాతయ్య..."

"తాతయ్యకేం తెలుసే? ఆయన అలా చూస్తే హడిలిపోయి, నోటికొచ్చింది గబగబా చెప్పేసేదాన్ని. అది ధైర్యం అనుకునేవారు ఆయన."

నాకు ఏడుపొచ్చేసింది. కోపం కూడా వచ్చింది, ఎవరి మీదో తెలియలేదు. అన్నేళ్ళూ ఒకే గదిలో, ఒకే దుప్పట్లో ఇద్దరం విడివిడిగా భయపడ్డామన్నమాట...

ఇప్పటి పిల్లలు ఇద్దరు ఆటగాళ్ళ పేర్లు ఫోన్లో కొడితే చాలు, ఎవరు మేలో అంకెలతో సహా వచ్చేస్తోంది. పక్కపక్కన నిలబెట్టి కళ్ళలోకి చూసే తాతయ్యలు లేరు. అది మంచిదో చెడ్డదో నాకు తెలియదండీ.

మరి మిమ్మల్ని చిన్నప్పుడు ఎవరి పక్కన నిలబెట్టి చూసేవారు? కింద రాయండి... రాసేముందు ఒక్కసారి ఆ రెండోవాళ్ళకి ఫోన్ చేసి, అప్పుడు వాళ్ళకీ భయమేసిందేమో అడగండి.