గ్రీసు వీసాకి నా వేలిముద్రలు

మా మేడమ్ వాళ్ళ విల్లా దోహాలో, అల్ తుమామా అనే పేటలో. వీధి చివర వరల్డ్ కప్ కోసం స్టేడియం కడుతున్న రోజులవి. పొద్దున తుడిచిన కిటికీ అద్దం మీద మధ్యాహ్నానికి వేలితో పేరు రాయొచ్చు. ఆ ఇంట్లో వంట, పిల్లలు, దుమ్ము, ఈ మూడూ నా డ్యూటీ. మొదటి రెండింటికీ శుక్రవారం కాస్త తీరిక ఉండేది, దుమ్ముకి అదీ లేదు. ప్రపంచమంతా వచ్చి బంతాట చూస్తుందట, ఈలోపు నా నడుం విరుగుతోంది అని తిట్టుకునేదాన్ని.

ఆ వేసవిలో వాళ్ళు గ్రీసు దేశంలో ఒక దీవికి సెలవులకు వెళ్ళాలనుకున్నారు. పిల్లల్ని చూసుకోవడానికి నన్నూ తీసుకెళ్తామన్నారు. అప్పటికే ఊళ్ళో మా అక్కకు కాలేయం జబ్బు. అమ్మ పోయేటప్పటికి నాకు ఐదేళ్ళు. అప్పటినుంచి నాకు అన్నం కలిపి పెట్టిందీ, జడ వేసిందీ, అల్లరి చేస్తే వీపు పగలగొట్టిందీ అక్కే.

మేడమ్ మంచిదే. వంటింట్లోకి వచ్చి సూటిగా అడిగింది. “మీ అక్కకి బాగాలేదన్నావు కదా. ఇంటికి వెళ్తానంటే టికెట్ తీస్తాను. వీసాకి పాస్‌పోర్ట్ ఇచ్చేస్తే మాత్రం మూడు వారాలు మన చేతిలో ఉండదు.” హిందీ, ఇంగ్లీషు కలగలిపి చెప్పింది. ప్రతి ముక్కా నాకు అర్థమైంది.

అక్కకి ఫోన్ చేశాను. గ్రీసు మాట ఎత్తకుండా, రమ్మంటావా అని మాత్రం అడిగాను.

“నాకేవైందే, గుండ్రాయిలా ఉన్నాను. ఉద్యోగం పాడుచేసుకోకు” అంది.

ఆ మాట నమ్మానని చెప్పుకోవచ్చు. కానీ అక్క అబద్ధమాడితే చిన్నప్పటినుంచీ నేను ఇట్టే పట్టేసేదాన్ని. ఆ రోజూ పట్టేశాను. అయినా పిల్లలు ట్యాబ్‌లో చూపించిన తెల్లటి ఇళ్ళు, నీలం తలుపులు కళ్ళ ముందు తిరుగుతున్నాయి. అక్కడా పిల్లల చాకిరీయే అని తెలుసు. కానీ దుమ్ము లేని ఊరు ఒక్కటి చూడాలనిపించింది. “మీతోనే వస్తాను మేడమ్” అన్నాను.

వీసా ఆఫీసులో పది వేళ్ళ ముద్రలూ ఇవ్వాలి. గిన్నెలు తోమి తోమి నా వేళ్ళ గీతలు అరిగిపోయాయి, మిషను పట్టుకోలేదు. అక్కడి అమ్మాయి తడి గుడ్డతో తుడిచి మళ్ళీ పెట్టమంది. మూడోసారికి గానీ పడలేదు. దేవుడు రెండుసార్లు వద్దన్నాడని ఇప్పుడు అనిపిస్తుంది. అప్పుడైతే ఇంకా గట్టిగా నొక్కాను.

వారం తిరక్కుండా అక్క కూతురు ఫోన్ చేసింది. “పిన్నీ, అమ్మని కాకినాడ ఆసుపత్రిలో చేర్చాం. నీ పేరే తలుస్తోంది. ఎప్పుడొస్తావు?”

“పాస్‌పోర్ట్ ఎంబసీలో ఉందమ్మా. వీసా కోసం ఇక్కడి వాళ్ళు తీసుకున్నారు” అన్నాను. అందులో అబద్ధం ఏమీ లేదు. నన్ను అడిగాకే తీసుకున్నారన్న ఒక్క ముక్క మింగేశాను.

మేడమ్ ఆ రోజే ఫోన్ చేసి పాస్‌పోర్ట్ వెనక్కి అడిగింది. నాలుగు రోజులు పడుతుందన్నారు. అక్క రెండు రోజులే ఆగింది.

దొంగకు తేలు కుట్టినట్టయింది నా పని. స్టోర్ రూములో కూర్చుని ఏడుస్తుంటే ఇంటి డ్రైవరు, కడప వైపు అతను, గుమ్మంలో నిలబడి “ఊరుకో అక్కా. పాస్‌పోర్టు వాళ్ళకాడ ఉంటే నువ్వేం జేస్తావు” అన్నాడు. ఆ మాటతో నా ఏడుపు ఆగిపోయింది. ఆ తర్వాత చాలా రోజులు రాలేదు.

పాస్‌పోర్ట్ వీసా ముద్ర పడే వచ్చింది. ఇప్పుడైనా వెళ్తావా అని మేడమ్ మళ్ళీ అడిగింది. ఏ మొహం పెట్టుకుని వెళ్ళను? గ్రీసుకే వెళ్ళాను.

దీవి ఫోటోలో ఉన్నట్టే ఉంది. అందుకే నాకు ఒళ్ళు మండింది. ఎండ దోహా ఎండలా కొట్టదు, ఒంటికి హాయిగా తగులుతుంది. హోటల్ కిటికీ గట్టు మీద అలవాటు కొద్దీ వేలు పెట్టి రాస్తే మచ్చ కూడా అంటలేదు. దీనికోసమా అక్కని వదిలేశాను అని అక్కడే కూలబడ్డాను. ఎండకి కళ్ళు తిరిగాయనుకుని మేడమ్ తన నల్లకళ్ళద్దాలు నాకిచ్చి పెట్టుకోమంది.

పెద్దకర్మ రోజు పొద్దున్నే చుడీదార్‌తోనే సముద్రంలోకి దిగి, అక్కని తలుచుకుని మూడు మునకలు వేశాను. పక్కన ఈత కొడుతున్న ఒక తెల్లావిడ నేనూ సరదాకే దిగాననుకుని నవ్వుతూ చెయ్యి ఊపింది. నేనూ ఊపాను.

మధ్యాహ్నం అక్క కూతురు ఫోన్ చేసింది.

“భోజనాలయ్యాయి పిన్నీ. ఊళ్ళో వాళ్ళు ఏదోటి అంటారు, నువ్వు పట్టించుకోకు. మొదట్లో నాక్కూడా నీమీద కోపం వచ్చింది. అమ్మే కేకలేసింది. ‘దాన్నేవీ అనకే. దాని చేతుల్లో ఉంటే ఈపాటికి వచ్చి వాలేది’ అంది. ఆ తర్వాత అమ్మకి మాట పడిపోయింది.”

కింద ఈత కొలను దగ్గరనుంచి పిల్లలు నన్ను పిలుస్తున్నారు. చెప్పేయాలి, ఇప్పుడు చెప్పకపోతే ఇంకెప్పుడూ చెప్పలేను అనుకున్నాను.

“అమ్మ అన్నది నిజమే కదా పిన్నీ?” అంది, వెక్కుతూ.

“నిజమేనమ్మా” అన్నాను.