షాహీనా కట్టిన పూలదండ

కల్లూరులో నిజమైన బస్సు మొరాయిస్తే చూడటానికి మెకానిక్కులకు కొదవ లేదు. కంప్యూటర్లో బస్సు మొరాయిస్తే మాత్రం షాహీనా ఒక్కతే దిక్కు.

ఆమె నడిపేది ఆన్‌లైన్ సెంటరు. పొద్దునంతా ఆధార్ కార్డులు, హాల్ టికెట్లు, జిరాక్సులు. సాయంత్రం నాలుగు దాటితే వేరే జనం మొదలవుతారు. వీళ్లు కంప్యూటర్లో బస్సు నడిపే ఆట ఆడేవాళ్లు. ఆ ఆటలో మొదట ఉండేవన్నీ పరాయి దేశపు బస్సులు. మన బోర్డు ఉండదు, మన హారను ఉండదు, మన రోడ్డు అసలే ఉండదు. అందుకని ఓపికున్నవాళ్లు మన బస్సును, మన రోడ్డును విడిగా తయారుచేసి పెడతారు. వాటిని తెచ్చి ఆటలో కలుపుకోవాలి. అలా కలిపే ఒక్కో ముక్కను మాడ్ అంటారు. కలపడం అందరికీ వస్తుంది. తీసేటప్పుడే బోల్తా పడతారు.

షాహీనా తండ్రి రసూల్ సాహెబ్ ఒకప్పుడు బస్సులకు బోర్డులు రాసిన పెయింటరు. ఆయన చేతిరాత నేర్చుకున్న కూతురు ఇప్పుడు కంప్యూటర్లో బస్సులకు రంగులు వేస్తుంది, బోర్డులు రాస్తుంది. ఆట పాడైందని ఎవరొచ్చినా మూడే ప్రశ్నలు వేస్తుంది. చివరగా ఏం పెట్టినావు? చివరగా ఏం తీసినావు? ముందు కాపీ తీసిపెట్టుకున్నావా? మొదటిదానికి నిజం చెబుతారు. మూడోదానికి తల దించుకుంటారు. రెండోదానికి ప్రతివాడూ అబద్ధమే చెబుతాడు. "నేనేమీ తీయలేదక్కా, దానంతట అదే పోయింది" అంటారు. దానంతట అదే పోవడానికి అదేమైనా మేకపిల్లా అని షాహీనా కోప్పడుతుంది. కోప్పడుతూనే బాగుచేసి పంపిస్తుంది. ఆమె కోపానికి ఎవరూ భయపడకపోవడానికి కారణం అదే.

ఆమె దగ్గరికి వచ్చేవాళ్లలో ఒకే ఒక్కడు ఇంతవరకు అబద్ధం ఆడలేదు. ఆయన ఓబుళేశు, రిటైరైన ఆర్టీసీ డ్రైవరు, రసూల్ సాహెబ్ స్నేహితుడు. షాహీనా చిన్నప్పటినుంచీ ఆయన్ను చిన్నాయనా అనే పిలుస్తుంది.

ఓబుళేశు ఇరవై తొమ్మిదేళ్లు బస్సు నడిపాడు. ఇంకో పద్నాలుగు నెలల్లో రిటైర్ కావాల్సి ఉండగా ఎడమ కంటి చూపు తగ్గింది. పరీక్ష చేసి స్టీరింగు దగ్గర కూర్చోవద్దన్నారు. ఆ పద్నాలుగు నెలలూ డిపో గేటు దగ్గర కుర్చీలో కూర్చుని, వచ్చే బస్సుల నంబర్లు రాసుకున్నాడు. చివరి రోజు అందరికీ చేసినట్టే సన్మానం చేశారు. డ్రైవరుకు జరగాల్సింది మాత్రం జరగలేదు. రిటైరయ్యే డ్రైవరు ఆఖరి ట్రిప్పుకు పోయేటప్పుడు బస్సుకు అరటి పిలకలు కట్టి, ముందు పూలదండ వేస్తారు. కుర్చీకి దండ ఎవరు వేస్తారు?

ఈ సంగతి ఆయన ఎవరికీ చెప్పుకోలేదు. షాహీనా తనే కనిపెట్టింది. ఆయన ఇంట్లోనే పెద్ద టీవీకి కంప్యూటరు తగిలించి, ఎవరో వాడి వదిలేసిన స్టీరింగు తెచ్చిపెట్టి, కర్నూలు నుంచి కోయిలకుంట్ల పోయే రోడ్డు మాడ్ వెతికి ఆటలో కలిపింది. బస్సు బోర్డు తనే రాసింది. "కూర్చో చిన్నాయనా, పద్నాలుగు నెలలు బాకీ ఉండావు గదా" అంది. ఓబుళేశు నవ్వాడు. మర్నాడు పొద్దున స్నానం చేసి, ఖాకీ చొక్కా తొడుక్కుని వచ్చి టీవీ ముందు కూర్చున్నాడు. భార్య కృష్ణవేణమ్మ ముందు తల బాదుకుంది, తర్వాత టిఫిను డబ్బా కట్టి పక్కన పెట్టింది.

రోజుకొక ట్రిప్పు, వారానికొక సెలవు. బస్సుకు ఇంతవరకు ఒక్క గీత పడలేదు. అలా పద్నాలుగు నెలలూ గడిచి, రేపు ముప్పై ఒకటో తారీకున ఆఖరి ట్రిప్పు. ఆయనతో పదకొండేళ్లు డ్యూటీ చేసిన కండక్టరు యేసుప్రసాద్‌ను కూడా పిలిచారు. షాహీనా నాలుగు రోజులు కూర్చుని బంతిపూల దండ ఒకటి, రెండు అరటి పిలకలు తయారుచేసి, పెన్‌డ్రైవులో పెట్టి ఇచ్చింది.

ముప్పయ్యో తారీకు సాయంత్రం ఫోను వచ్చింది.

"పాపా, బండి బయటికి రాలేదు. తెర నల్లగా అయిపోయి ఆగిపోతాండాది."

షాహీనా షట్టరు సగానికి దించి, షేర్ ఆటో ఎక్కి పోయింది. కుర్చీలో కూర్చుంటూనే అలవాటుగా అడిగింది.

"చివరగా ఏం పెట్టినావు చిన్నాయనా?"

"నువ్విచ్చిన దండ, పిలకలు. నిన్న పెట్టినా."

"ఏమన్నా తీసినావా?"

"లే. ఏమీ తీయలేదు."

ఓబుళేశు అబద్ధమాడతాడని ఆమెకు కలలో కూడా తోచదు. తన దండ మీదా అనుమానం రాలేదు, అది ఫోల్డరులో ఉందో లేదో కూడా చూడలేదు. తను చేసింది చెడిపోతుందా? అందుకని మిగిలిన మాడ్‌ల మీద పడింది. మొత్తం ఇరవై ఆరున్నాయి. సీరియల్ బల్బుల దండలో ఏ బల్బు పోయిందో వెతికినట్టు, సగం పక్కన పెట్టి ఆట తెరిచి చూసింది. తెర నలుపే. ఆ సగం తిరిగి పెట్టి, ఈ సగం తీసింది. మళ్లీ నలుపే. వర్షం మాడ్ తీసింది, హారను తీసింది, రోడ్డు పక్క చింతచెట్లు తీసింది. గంట దాటింది. ఆట అయితే కొత్తగా మొదలుపెట్టుకోమంటోంది. కొత్తగా మొదలుపెడితే పాత పద్నాలుగు నెలలు గాలికి పోయినట్టే. కాపీ తీసి పెట్టుకోవడం ఆయనకు తెలియదు, తీసి ఇవ్వడం షాహీనాకు గుర్తు లేదు.

ఓబుళేశు వెనక నిలబడి చూస్తున్నాడు. కృష్ణవేణమ్మే ఉండబట్టలేక అంది.

"చెప్పరాదా ఆ పాపకు? ఎంతసేపు గుడ్లు పోగొట్టుకోవాల?"

"నువ్వు గమ్మునుండు."

"నేనెందుకుండాల? పొద్దున దండ తీసి పారేసినావు గదా!"

షాహీనా కుర్చీలోనే వెనక్కి తిరిగింది. ఓబుళేశు గోడకున్న క్యాలెండరు వైపు చూస్తున్నాడు.

"ఎట్ల తీసినావు చిన్నాయనా?"

"ఆ ఫైలు తుడిచేసినా. చెత్తబుట్టలోంచి, పెన్‌డ్రైవులోంచి కూడా. మళ్లీ నువ్వు చూస్తే బాధపడతావని."

"బాగలేదా దండ?"

"శానా బాగుండాది. ఫొటోలు కూడా తీసుకున్న్యా." క్యాలెండరు వదిలి ఆమె వైపు తిరిగాడు. "ఎడమ పక్క అద్దానికి అడ్డం పడతాండాది పాపా. జనం ఎక్కేది, దిగేది కనపడల్యా. మామూలుగానే నాకా పక్క మసక. ఎవరన్నా ఒక కాలు కిందుండంగా బండి తీస్తే? నాలుగు రోజులు కష్టపడి కట్టినావు, బాగలేదని ఎట్ల చెప్పాల? తీసేసి, దండ ఎందుకో కనపడలేదులే అని రేపు అందామనుకున్న్యా."

ఆ బస్సెక్కేవాళ్లు కంప్యూటరు బొమ్మలు. వాళ్ల కాళ్ల కోసం ఈ మనిషి ఇంత పని చేశాడు. షాహీనాకు నవ్వు రాలేదు. సిగ్గేసింది. దండ చేసిన నాలుగు రోజులూ బస్సును ముందునుంచి చూసింది, పక్కనుంచి చూసింది, ఫొటోకు ఎలా వస్తుందో చూసింది. డ్రైవరు సీట్లోంచి ఒక్కసారైనా చూడలేదు. ఆయన ఎడమ కన్ను సంగతి ఊళ్లో అందరికంటే ఎక్కువ తెలిసిన తనే చూడలేదు.

"తీయడం తప్పు కాదు చిన్నాయనా, తీసిన వరస తప్పు" అంది మెల్లగా. "ముందు ఆటలోకి పోయి, షెడ్డులో బస్సుకుండే దండ ఇప్పాల. సేవ్ చేయాల. ఆ తర్వాత ఫైలు తుడవాల. నువ్వు ఇప్పకుండానే తుడిచినావు. బస్సేమో దండ ఉండాదనుకుంటాది. యాడుందని వెతుక్కుని వెతుక్కుని ఆగిపోతాండాది."

ఓబుళేశు ముఖం మాడిపోయింది. "అంటే జనం దిగకముందే బండి తీసినట్ల!"

"అట్లే."

"నా సర్వీసులో ఎప్పుడూ చేయలేదే ఆ పని."

ఆ మాట ఎంత బాధతో అన్నాడంటే, షాహీనా మళ్లీ ఆయన ముఖం చూడలేకపోయింది.

పాత దండ ఫైలు తిరిగి పెడితే ఐదు నిమిషాల పని. కానీ ఆ ఫైలు షాహీనా దగ్గర కూడా లేదు. దానిమీదే దిద్ది, పేరు మార్చి, ఆట ఆడే ఇంకొకడి బస్సుకు వేరే రంగు పూలతో దండ చేసేసింది. ఊరందరినీ కాపీ తీసిపెట్టుకోమని తిట్టే మనిషి తన కాపీ తను పెట్టుకోలేదు. ఆ ముక్క పైకే చెప్పేసింది. కృష్ణవేణమ్మ టీ తెచ్చి పెట్టింది.

టీ తాగుతుంటే తట్టింది. బస్సు వెతికేది పూలను కాదు, ఆ పేరున్న దండను. పూలు లేకపోతే ఏం? పాత పేరుతోనే, లోపల ఏమీ లేని ఉత్త దండ ఒకటి చేసింది. ఒక పువ్వూ లేదు, దారం కూడా లేదు. ఫోల్డరులో పెట్టి ఆట తెరిచింది. ముగ్గురూ తెర వైపే చూస్తున్నారు. నలుపు. ఇంకా నలుపు. తర్వాత షెడ్డు రేకులు కనిపించాయి, వాటి కింద బస్సు కనిపించింది. బోర్డు మీద కోయిలకుంట్ల అనే అక్షరాలు రసూల్ సాహెబ్ రాసినట్టే గుండ్రంగా ఉన్నాయి. మూడు వందల అరవై పైచిలుకు ట్రిప్పులూ భద్రంగా ఉన్నాయి. ఓబుళేశు కళ్లద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు.

ఆ ఉత్త దండను షెడ్డులో విప్పించి, సేవ్ చేయించి, అప్పుడు ఫైలు తుడిపించింది. అన్నీ ఆయన చేతనే చేయించింది. ఈసారి కాపీ కూడా తీసి పెన్‌డ్రైవులో పెట్టింది. ఆ తర్వాత డ్రైవరు సీటు చూపు పెట్టుకుని కొత్త దండ కట్టడానికి కూర్చుంది. ముందు అద్దం కిందకి, లైట్లకు పైన, రోడ్డుకు గానీ ఎడమ పక్క అద్దానికి గానీ ఒక్క రెక్క అడ్డం రాకుండా కట్టింది. ఫొటోకు అంత బాగా రాదు. దాని సంగతి ఎవరిక్కావాలి?

మర్నాడు పొద్దున ఉగ్గాని, బజ్జీలు తిని, యేసుప్రసాద్ పాత విజిల్ జేబులోంచి తీశాడు. ఓబుళేశు టీవీకి దండం పెట్టి కూర్చున్నాడు. ఓర్వకల్లు, బనగానపల్లె, ప్రతి స్టేజీలో యేసుప్రసాద్ "హోల్డాన్" అంటాడు, ఈయన ఆపుతాడు. "రైట్ రైట్" అన్నా కదలడు. ఎడమ అద్దం చూసుకున్నాకే కదులుతాడు. "నా మీద నమ్మకం ఎప్పుడుండాది నీకు?" అని యేసుప్రసాద్ పదకొండేళ్ల నాటి గొడవ మళ్లీ ఎత్తుకున్నాడు.

కోయిలకుంట్ల బస్టాండు వచ్చింది. జనం దిగారు. ఓబుళేశు ఇంజను ఆపి, దండ విప్పి, సేవ్ చేసి, ఫైలు తీసేశాడు. వరస తప్పలేదు. కృష్ణవేణమ్మ నిజమైన బంతిపూల దండ తెచ్చి మెడలో వేసింది. అందరూ చప్పట్లు కొట్టారు. అయిపోయిందనుకుని షాహీనా వైర్లు చుట్టబోయింది.

"యాడికి పోతాండావు?" అన్నాడు ఓబుళేశు. "బండి కోయిలకుంట్లలోనే ఉండాది. కర్నూలు డిపోకు ఎవరు తెస్తారు? నా డ్యూటీ అయిపాయ."

"నాకు నడపను రాదు చిన్నాయనా. నాకొచ్చేది బాగుచేసేదే."

"అందుకే అద్దానికి అడ్డంగా దండ కట్టినావు. రా, కూర్చో."

షాహీనా కూర్చుంది. ఎన్నో బస్సులను బాగుచేసిన ఆ చేతులకు స్టీరింగు కుదురుగా తిప్పడం రాలేదు. బస్టాండు గేటు దాటకముందే వెనక భాగం స్తంభానికి రాసుకుని కరకరమంది. పద్నాలుగు నెలల్లో ఒక్క గీత పడని బస్సు అది. యేసుప్రసాద్ ఏదో అనబోయాడు. ఓబుళేశు ఆయన మోకాలి మీద చెయ్యి వేసి ఆపాడు. తర్వాత కుర్చీ దగ్గరగా లాక్కుని, షాహీనా కుడిపక్కన కూర్చున్నాడు.

"పోనీలే. ఈ పక్క నేను చూస్తా, ఎడమ పక్క నువ్వు చూసుకో పాపా" అన్నాడు. "ఇంత దూరం ఆ పక్క నేను ఒక్కణ్నే చూసినా."

షాహీనా ఎడమ అద్దంలోకి చూసింది. ఒకామె సంచి ఎత్తుకుని బస్సు కోసం పరిగెత్తి వస్తోంది. ఆమె ఎక్కేదాకా బ్రేకు మీద కాలు తీయలేదు.