ఒక అవ్వ, మూడు గొంతులు, లేని గుర్రం

పొలాలు పోయినప్పుడు మా వంశం తల వంచలేదు. ఇల్లు పోయినప్పుడూ వంచలేదు. మా సొంతూరు ఉద్దనపల్లిలో ఊరందరి ముందు ఒక్క మీట నొక్కి ఆ తలను నేను వంచాను. ఈ సంగతి చెప్పడం నాకు ఇష్టం లేదు. నేను చెప్పకపోతే ఆ ఊరివాళ్ళు చెబుతారు, నాకంటే బాగా చెబుతారు. అందుకే నేనే చెబుతున్నాను.

మాటలు రికార్డు చేసి నెట్‌లో వినిపించే పాడ్‌కాస్ట్ అనే మాట హోసూరులో నలుగురికి కూడా తెలియని రోజులవి. అక్కడ ఒక ఆఫీసులో కంప్యూటర్లు చూసుకునేవాణ్ణి. మౌసు ముట్టేవాణ్ణి కాదు. నల్ల తెర మీద ఆజ్ఞ టైపు చేస్తే యంత్రం ఎదురు చెప్పకుండా చేసేది. మా ఇంట్లో ఆజ్ఞలిచ్చే భాగ్యం తాతగారితోనే పోయింది. నాకది ఆ తెర మీద తిరిగి దొరికింది.

మేము ఊరు విడిచాక జాతరలో మొదటి తాంబూలం గొర్రెలు మేపే మునిరత్నప్ప ఇంటికి పోతోంది. అది మళ్ళీ మాకే రావాలని పెద్దల దగ్గర పట్టుబట్టాను. మా ముత్తాత గుర్రం మీద వచ్చి ఆ జాతర మొదలుపెట్టాడని నా వాదన. సాక్షి కృష్ణగిరిలో ఉన్న మా అవ్వ ఒక్కతే, ఆమె వయసు మీదపడి ఇల్లు కదలలేదు. అందుకని ఆమె మాటలు రికార్డు చేసి, పాడ్‌కాస్ట్ భాగాలుగా నెట్‌లో పెట్టి, నల్ల తెర ప్రోగ్రాము చేత లాప్‌టాప్‌లోకి దింపించాను. ఒక భాగం మాత్రం బాగా రాలేదని నెట్‌లోంచి తీసేశాను. ప్రోగ్రాము దాన్ని ముందే దింపి భద్రంగా దాచుకుందని నాకు తెలియదు.

జాతర రోజు ఊరందరి ముందు పెద్దలు కూర్చున్నారు. స్పీకర్లు తగిలించి మొదటి భాగం మీద మీట నొక్కాను. శబ్దం లేదు. కిందిది నొక్కాను. లేదు. ఆ కిందిది కూడా నొక్కాను. నొక్కిన ప్రతిసారీ ప్రోగ్రాము ఒక కొత్త ప్లేయర్‌ను పంపుతుందనీ, పాతదాన్ని వెనక్కి పిలవదనీ నేను ఎన్నడూ గమనించలేదు. అప్పుడు చూస్తే స్పీకర్ల స్విచ్చి వేయలేదు. వేశాను.

ముగ్గురు అవ్వలు ఒకేసారి మాట్లాడారు.

"ఏందప్పా, మీ ఇంట్లో అవ్వలు ఎంతమంది?" అని ఒక పెద్దాయన నిదానంగా అడిగాడు.

నేను గంభీరంగా ప్రోగ్రామును మూసేశాను. తెర శుభ్రమైంది. అవ్వలు మాత్రం ఆగలేదు. యజమాని వెళ్ళిపోయినా పని మానని నౌకర్లలాగా, కనిపించని ప్లేయర్లు మూడూ పాడుతూనే ఉన్నాయి. వాటిని ఆపే ఆజ్ఞ కోసం వెతుక్కుంటుంటే మునిరత్నప్ప లేచి స్పీకరు దగ్గరికి వచ్చాడు.

"వైరు పెరికేసేదా, చిన్నదొరా?"

"నేను చెప్పకుండా ఎవరూ ముట్టకూడదు," అన్నాను.

పాఠకులారా, ఆయన నన్ను కాపాడడానికే వచ్చాడు. గౌరవంగా చేయి వెనక్కి తీసుకున్నాడు.

మొదటి భాగం అయిపోయింది. రెండోదీ అయిపోయింది. మిగిలింది నేను తీసేశాననుకున్న భాగం. ఇప్పుడు ఒక్క మాట పోకుండా వినిపించింది.

"గుర్రం అనమంటే అంటాలే. మీ ముత్తాతకు గుర్రం యాడుండె నాయనా? ఉప్పు మూటలేసుకొని గాడిదతో వచ్చినాడు. అప్పటికే జాతర జరగతా ఉండె. ఆ గాడిదను కూడా మునిరత్నం వాళ్ళ ముత్తాతే ఇచ్చినాడు."

ఆ వెంటనే ఇంకో గొంతు, నాది, ఆజ్ఞాపిస్తూ: "అది వద్దు అవ్వా. మళ్ళీ గుర్రం కాడి నుంచి చెప్పు."

ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది.

మొదటి తాంబూలం మునిరత్నప్పకే ఇచ్చారు. రెండోది ఆయన తన చేత్తో నాకు అందించాడు. "తీసుకో చిన్నదొరా. గాడిద మాది, దాని వెనకాల నడిచొచ్చినోళ్ళు మీరు. పొత్తు పాతదే."

నడుము నిటారుగా పెట్టి తీసుకున్నాను. ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాను: ఒక ఆజ్ఞ నెరవేరే దాకా రెండోది ఇవ్వను. ఇచ్చి చిక్కుకుంటే, వైరు ఎవరి చేతికి దగ్గరగా ఉందో చూసి, వంగి అడుగుతాను.

మొదటి సగం నిలబెట్టుకున్నాను. వంగడం ఇంకా నేర్చుకుంటున్నాను.